ర్యామ్ మింగే నోట్స్ యాప్, పొద్దున్నే లాగౌట్: ఈ రెండు ముడులూ ఒకే దారంలో ఎలా పడతాయి?

మా పిన్ని కొడుకు విజయవాడలో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాడు. నోట్సంతా ఒక డెస్క్‌టాప్ యాప్‌లోనే పెట్టుకున్నాడు. పేరు ఎందుకులెండి, ఇది ఆ ఒక్క యాప్ గొడవ కాదు. ఆ మధ్య వరసగా నాలుగు రోజులు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మళ్ళీ లాగౌట్ అయింది. ఓటీపీ కొట్టీ కొట్టీ విసుగొస్తోంది. పోనీ లోపలికెళ్ళాక బాగుంటుందా అంటే, అరగంట సేపు ఫ్యాన్ రయ్యిమని తిరుగుతుంది, ఒక అక్షరం కొడితే రెండు సెకన్లకి పడుతుంది." మరి ఏం చేస్తున్నావురా అంటే, "ఏముంది, టాస్క్ మేనేజర్ తెరిచి ఎండ్ టాస్క్ కొట్టి మళ్ళీ తెరుస్తున్నా" అన్నాడు, అదేదో పళ్ళు తోముకున్నంత మామూలుగా.

ఆ చివరి మాటలోనే సగం కథ ఉంది. ర్యామ్ (ప్రోగ్రాములు నడుస్తున్నంతసేపు వాడుకునే మెమరీ) బాధ, లాగౌట్ బాధ చూడ్డానికి వేర్వేరుగా ఉంటాయి, నెట్‌లో వెతికినా రెండింటికీ వేర్వేరు చిట్కాలే దొరుకుతాయి. కానీ చాలామంది విషయంలో ఒకదానికి చేసే వైద్యం రెండోదాన్ని తెచ్చిపెడుతుంది, ఆ రెండోది మళ్ళీ తిరిగొచ్చి మొదటిదాన్ని పెంచుతుంది. అందుకే ఈ రెండూ కలిపి చూడాలి.

ముందు ఈ యాప్ అసలు ఏమిటో తెలియాలి. ఇవాళ మనం డెస్క్‌టాప్ నోట్స్ యాప్ అంటున్నవాటిలో చాలావరకు లోపల ఉన్నది బ్రౌజరే. అడ్రస్ బార్ పీకేసి, ట్యాబులు తీసేసి, ఒకే ఒక్క పనికి కట్టేసిన బ్రౌజర్. ఇలా కట్టడానికి వాడే సరంజామా పేరు ఎలక్ట్రాన్. గిట్‌హబ్ అనే కంపెనీ వాళ్ళు, ప్రోగ్రాములు రాసుకునే తమ ఆటమ్ ఎడిటర్ కోసం 2013లో ఆటమ్ షెల్ అన్న పేరుతో మొదలుపెట్టారు, 2015లో ఎలక్ట్రాన్ అని మార్చారు. క్రోమ్‌కి పునాది అయిన క్రోమియంని, జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్‌ని కలిపి ఒకే డబ్బాలో పెట్టి ఇస్తుందన్నమాట. నోషన్, అబ్సిడియన్, జోప్లిన్ అన్నీ ఈ బాపతే. ఎవర్‌నోట్‌కి ఒకప్పుడు విండోస్ యాప్ వేరు, మ్యాక్ యాప్ వేరు. 2020లో వచ్చిన పదో వెర్షన్‌తో అదీ ఈ దారే పట్టింది. విండోస్‌లో వన్‌నోట్ మాత్రం ఇలా కాదు, అది ఆఫీస్ కుటుంబంలో పుట్టిన మామూలు ప్రోగ్రామ్.

దీన్ని బద్ధకం అని తిట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకైతే అలా అనిపించదు. పది పన్నెండు మంది ఉన్న చిన్న కంపెనీ విండోస్‌కి, మ్యాక్‌కి, లైనక్స్‌కి మూడు యాప్‌లు విడివిడిగా రాసి, మూడింటికీ జీవితాంతం మరమ్మతులు చేస్తూ కూర్చోలేదు. ఒకసారి రాస్తే మూడు చోట్లా నడుస్తుందంటే ఎవరైనా అటే పోతారు. కాకపోతే వాళ్ళకి మిగిలిన ఖర్చు మన ర్యామ్‌లోంచి పోతుంది, అది నిజమే. ఇక ఎలక్ట్రాన్ యాప్‌లు మూడు నాలుగు ఒకేసారి తెరిచారంటే మూడు నాలుగు బ్రౌజర్లు విడివిడిగా నడుస్తున్నట్టే, ఎవరి క్రోమియం వాళ్ళదే, పంచుకోవడాలు ఉండవు.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో యాప్ పేరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఒక్క యాప్ కాస్తా ఐదారు వరసలుగా విచ్చుకుంటుంది. మావాడి ల్యాప్‌టాప్‌లో ఆరు కనిపించాయి. ఒకటి 612 ఎంబీ, ఇంకోటి 140, ఇంకోటి 95, మిగతా మూడూ కలిపి 80 లోపు. "ఆరుసార్లు ఓపెన్ అయిపోయింది అన్నయ్యా, వైరస్ ఏమో" అన్నాడు. వైరస్ కాదు, క్రోమియం పనిచేసే పద్ధతే అది. అజమాయిషీ చేసే మెయిన్ ప్రాసెస్ ఒకటి, తెర మీద పేజీ గీసే రెండరర్ ఒకటి (విండోలు ఎక్కువ తెరిస్తే అవీ ఎక్కువవుతాయి), గ్రాఫిక్స్ చూసే జీపీయూ ప్రాసెస్, నెట్‌వర్క్ చూసేది ఒకటి, కూలిపోతే రిపోర్టు రాయడానికి ఓ మూల కూర్చునేది ఇంకొకటి. ఏది ఏదో తేల్చుకోవాలంటే డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్ళి, పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ కొట్టి, కమాండ్ లైన్ అనే కాలమ్‌ని తెప్పించండి. ఒక్కో వరసలో టైప్ అన్న మాట పక్కన రెండరర్ అనో, జీపీయూ ప్రాసెస్ అనో, యుటిలిటీ అనో ఉంటుంది. టైప్ అనే మాటే లేనిది మెయిన్.

ఇంత తతంగం ఎందుకంటే, ఏ వరస లావుగా ఉందో దాన్నిబట్టి జబ్బు పేరు మారిపోతుంది. రెండరర్ లావైతే మీరు తెరిచిన నోట్‌లో ఏదో బరువుంది. జీపీయూ వరస ఎగిరిపడుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ. మెయిన్ గానీ యుటిలిటీ గానీ సీపీయూని పట్టుకుని వేలాడుతుంటే సింక్ (మెషీన్‌లో ఉన్న నోట్స్‌ని సర్వర్‌లో ఉన్నవాటితో కలుపుకోవడం) వైపు చూడాలి. మొత్తం ఒక్కటిగా చూసి "900 ఎంబీ తింటోంది" అనుకుంటే ఏ మందు వేయాలో ఎప్పటికీ తెలియదు.

మావాడి 612 ఎంబీ సంగతి చెప్తాను. వాడు పాత పుస్తకాల పేజీలని ఫోన్‌తో ఫొటోలు తీసి, ఒకే నోట్‌లో వరసగా అతికించాడు. "ఎకానమీ మొత్తం" అని దానికి పేరు. ఒక్కో ఫొటో డిస్క్ మీద మహా అయితే 3 ఎంబీ, అందుకని అదేమంత బరువా అనుకుంటాం. కానీ డిస్క్ మీద ఉండేది నొక్కి మడతపెట్టిన బట్ట లాంటిది, తెర మీద చూపించాలంటే మడతలన్నీ విప్పాలి. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000, మొత్తం కోటీ ఇరవై లక్షల చుక్కలు, చుక్కకి 4 బైట్లు. అంటే పూర్తి సైజులో విప్పితే ఒక్క ఫొటోకి 48 ఎంబీ. ఇరవై ఫొటోలు ఒకేసారి విప్పితే ఒక జీబీకి దగ్గరగా వచ్చేస్తుంది. క్రోమియం మరీ అంత అమాయకం కాదు, కనిపించేవాటి చుట్టుపక్కల వరకే విప్పి, దూరం వెళ్ళినవాటిని వదిలేయడానికి చూస్తుంది. అయినా పరీక్ష ముందు రోజు ఆ నోట్‌ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి గిరగిరా తిప్పుతుంటే పాపం అది మాత్రం ఏం చేస్తుంది.

ఇక్కడే ఇంకో అపోహ కూడా తీర్చేస్తాను, ఇది చాలామంది నన్ను అడిగారు: తెలుగులో రాస్తే యాప్ బరువెక్కుతుందా? అక్షరాలని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మామూలు ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకి మూడు బైట్లు, ఆ మాట నిజం. అక్షరాలు, గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కేసి పేజీకి 1500 గుర్తులు అనుకుందాం. పేజీకి నాలుగున్నర వేల బైట్లు. వెయ్యి పేజీల తెలుగు నోట్స్ రాస్తే మొత్తం నాలుగున్నర ఎంబీ. అంటే మావాడి ఫొటోలు రెంటికి కూడా సరిపోదు. నిశ్చింతగా తెలుగులోనే రాసుకోండి.

ఎక్కువ వాడుకోవడం వేరు, లీకవడం వేరు. 8 జీబీ ఉన్న మెషీన్‌లో యాప్ 700 ఎంబీ పట్టుకుని అక్కడే కుదురుగా ఉంటే దాని జోలికి వెళ్ళకండి, ఖాళీగా పడున్న ర్యామ్ వల్ల మనకొచ్చే లాభమేమీ లేదు, వేరే ప్రోగ్రామ్‌కి కావాలంటే విండోస్ తనే సర్దుతుంది. లీక్ అంటే మీరు ఏమీ చేయకపోయినా పెరుగుతూ పోవడం. దీన్ని పట్టుకోవడానికి ఏ టూలూ అక్కర్లేదు. ఒక ఖాళీ నోట్ తెరిచి వదిలేయండి, తొమ్మిదింటికి ఒకసారి, పదకొండుకి ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి అంకె చూసి కాగితం మీద రాసుకోండి. 400, 410, 395 అని ఊగుతుంటే ఆరోగ్యం. 400, 650, 900 అని మెట్లెక్కుతుంటే లీకే, అప్పుడు మీరు చేయగలిగింది యాప్ అప్‌డేట్ చేయడం, ప్లగిన్లు (యాప్‌కి విడిగా తగిలించుకునే అదనపు ముక్కలు) ఉంటే ఒక్కొక్కటీ ఆపి చూడటం, ఆ అంకెలతో సహా కంపెనీకి రాయడం. అబ్సిడియన్ లాంటివాటిలో అయితే నా అనుమానం ముందు ప్లగిన్ల మీదికే పోతుంది, ఎవరెవరో రాసినవి డజను వేసుకుని యాప్‌ని తిడితే ఎలా.

సీపీయూ దగ్గరికొస్తే, ముందు అంకె చదవడం నేర్చుకోవాలి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో 100 శాతం అంటే మెషీన్ మొత్తం. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్‌లో 100 శాతం అంటే ఒక్క కోర్ (సీపీయూ లోపల పనిచేసే ఒక్కో భాగం) నిండినట్టు, కాబట్టి అక్కడ 250 కూడా కనిపించొచ్చు, కంగారు పడక్కర్లేదు. అదే లెక్కన ఎనిమిది లాజికల్ ప్రాసెసర్లున్న విండోస్ మెషీన్‌లో యాప్ సరిగ్గా 12, 13 శాతం దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిపోయిందంటే, అది తక్కువ అని సంబరపడకండి, ఒక కోర్‌ని పూర్తిగా పట్టుకుని ఎక్కడో సుడిలో తిరుగుతోందని అర్థం.

ఏమీ చేయకుండా కూర్చున్నా సీపీయూ ఎందుకు తిరుగుతుందనేదానికి నాకిష్టమైన ఉదాహరణ ఒకటుంది, నోట్స్ యాప్ కాదు గానీ దాయాదే. 2017లో వీఎస్ కోడ్ అనే ఎలక్ట్రాన్ ఎడిటర్ ఖాళీగా ఉన్నా 13 శాతం సీపీయూ వాడుతోందని ఒకరు పట్టుకున్నారు. కారణం ఏమిటనుకున్నారు? మిణుకు మిణుకుమనే కర్సర్. కర్సర్ వెలిగి ఆరడానికి సెకనుకి రెండుసార్లు తెర గీస్తే చాలు, కానీ ఆ యానిమేషన్ రాసిన తీరు వల్ల బ్రౌజర్ సెకనుకి అరవైసార్లు గీస్తూ కూర్చుంది. తర్వాత సరిచేశారనుకోండి. నోట్స్ యాప్‌లోనూ కదిలే జిఫ్ బొమ్మ ఒకటి నోట్‌లో ఉన్నా, ఎంతకీ పూర్తికాని సింక్ గుర్తు ఓ మూల గిరగిరా తిరుగుతున్నా ఇదే తంతు. యాప్‌ని మినిమైజ్ చేయగానే సీపీయూ దిగిపోతే దొంగ తెర మీదే ఉన్నాడని తెలుస్తుంది. దిగకపోతే వెనకాల సింకో, ఇండెక్సో (నోట్స్‌లో వెతకడానికి యాప్ కట్టుకునే పట్టిక).

గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైతే క్రోమియం దాన్ని నమ్మకుండా గీసే పనంతా సీపీయూ మీదికి నెట్టేస్తుంది, పాత ల్యాప్‌టాప్‌లలో స్క్రోల్ చేస్తే నత్తనడక నడిచేది అందుకే. డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి, లేదా సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి ఇవ్వడం) ఆపి ఒకసారి, వేసి ఒకసారి చూడండి. రెంటిలో ఏది బాగుంటే అదే.

సింక్ గురించి మాత్రం కాస్త ఆగాలి. యాప్ తన సింక్ తను చేసుకుంటోంది, మీరేమో ఆ నోట్స్ ఫోల్డర్‌ని మైక్రోసాఫ్ట్ వాళ్ళ వన్‌డ్రైవ్‌లో పెట్టారు, అదీ తన సింక్ తను చేస్తుంది. ఇప్పుడు మీరు ఒక వాక్యం రాసి ఆగిన ప్రతిసారీ యాప్ సేవ్ చేస్తుంది, వన్‌డ్రైవ్ ఉలిక్కిపడి ఎక్కిస్తుంది, మారిన ఫైల్ కదా అని యాంటీవైరస్ తనిఖీ చేస్తుంది, రెండో మెషీన్‌లో అదే ఫైల్ దిగి అక్కడి యాప్ "ఎవరో మార్చారు" అని మళ్ళీ సింక్ మొదలుపెడుతుంది. ఒకే పిల్లికి ఇద్దరు గంట కట్టడం. టాస్క్ మేనేజర్‌లో నోట్స్ యాప్ వరస అమాయకంగా ఉండి, యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ (విండోస్ సొంత యాంటీవైరస్) వరస మండిపోతుంటే ఇదే జరుగుతోందేమో చూడండి. రెండింటిలో ఒక్క సింకే ఉంచుకోవాలి.

ఒక్కోసారి యాప్‌లో కాదు, నోట్‌లో రాసినదానిలోనే బాంబు ఉంటుంది. 2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది, మన తెలుగు అక్షరమే ఐఫోన్లని కూల్చేసింది. జ్ఞా అన్న అక్షరం, మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తుతో కలిసి వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. యాపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఆ గొడవ తీరిపోయింది గానీ నీతి... నీతి కాదు, లక్షణం ఇప్పటికీ పనికొస్తుంది. చాలా యాప్‌లు తెరవగానే చివరిసారి చూసిన నోట్‌నే మళ్ళీ తెరుస్తాయి. ఆ నోట్‌లోనే తేడా ఉంటే తెరిచిన ప్రతిసారీ కూలుతుంది, మనమేమో యాప్ పాడైందనుకుని తీసేసి మళ్ళీ వేస్తాం. ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో ఆ నోట్‌ని రెండు ముక్కలు చేసి చూస్తే ఏ ముక్కలో ఉందో బయటపడుతుంది.

సరే, లాగౌట్.

మీరు ఓటీపీ కొట్టగానే సర్వర్ మీ యాప్‌కి ఒక రహస్యపు చీటీ ఇస్తుంది, టోకెన్ అంటారు. సాధారణంగా రెండు ఇస్తారు. ఒకటి గంటకో రెండు గంటలకో చెల్లిపోయేది, రోజువారీ పనికి. ఇంకోటి ఎక్కువ రోజులు ఉండేది, మొదటిది చెల్లిపోయినప్పుడు దీన్ని చూపించి కొత్తది తెచ్చుకోవడానికి, దాన్ని రిఫ్రెష్ టోకెన్ అంటారు. సినిమా టికెట్టు ఒకటి, సీజన్ పాస్ ఒకటి అనుకోండి. లాగౌట్ అవడమంటే చాలాసార్లు ఎవరూ మిమ్మల్ని బయటికి గెంటలేదు, ఆ పాస్ పోయింది, లేదా ఉన్నా చదవడం కుదర్లేదు, లేదా గేటు దగ్గర చెల్లదన్నారు. ఈ మూడిట్లో ఏదో తేలిస్తే సగం పని అయినట్టే.

తేల్చడానికి తేలికైన పరీక్ష: అదే ఖాతాని మామూలు బ్రౌజర్‌లో కూడా తెరిచి ఉంచండి. యాప్‌లో లాగౌట్ అయిన రోజు బ్రౌజర్‌లోనూ అయిందంటే కారణం సర్వర్ వైపే ఉంది. ఆఫీసు ఖాతా అయితే ఐటీ వాళ్ళు రోజుకోసారి లాగిన్ కావాలని రూల్ పెట్టి ఉండొచ్చు, దానికి మీ మెషీన్‌లో చేసేదేమీ లేదు, వెతికి టైమ్ పాడుచేసుకోకండి. పాస్‌వర్డ్ మార్చినా అన్ని పరికరాల్లోనూ లాగౌట్ చేయడం మామూలే. కొన్ని ఉచిత ప్లాన్లలో పరికరాల పరిమితి ఉంటుంది. ఎవర్‌నోట్ 2016లో ఉచిత ఖాతాకి రెండే పరికరాలు అన్నప్పుడు మూడోదాంట్లో లాగిన్ అవ్వబోయిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి అర్థమైంది. బ్రౌజర్‌లో నిక్షేపంగా ఉండి యాప్‌లో మాత్రమే పోతుంటే, దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

ఆ పాస్ ఇంట్లో ఎక్కడుంటుంది? చాలా యాప్‌లలో, బ్రౌజర్ లాగానే, కుకీల (సైట్లు మన మెషీన్‌లో దాచుకునే చిన్న చీటీలు) ఫైల్లో. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో యాప్ పేరుతో ఫోల్డర్, అందులో నెట్‌వర్క్ అనే ఫోల్డర్, అక్కడ కుకీస్ అనే ఫైల్. కొన్ని యాప్‌లలో దాన్ని తాళం వేసి పెడతారు, ఆ తాళం చెవి విండోస్ దగ్గర మీ యూజర్ పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. మ్యాక్‌లో అయితే ఆ తాళం చెవి కీచైన్‌లో, లైనక్స్‌లో గ్నోమ్ కీరింగ్‌లోనో కే వాలెట్‌లోనో ఉంటుంది.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడండి. విండోస్ పాస్‌వర్డ్ మర్చిపోయి ల్యాప్‌టాప్‌ని షాపుకి పట్టుకెళ్తే, అతను ఏదో పెన్ డ్రైవ్ పెట్టి పాస్‌వర్డ్ రీసెట్ చేసి ఇస్తాడు. ఇంటికొచ్చి చూస్తే అలా తాళం వేసుకున్న నోట్స్ యాప్, బ్రౌజర్లు, అన్నీ ఒకేసారి లాగౌట్. షాపతను ఏదో చేశాడని అనుమానిస్తాం. నిజానికి పాత పాస్‌వర్డ్ తెలిసి మనమే మార్చుకుంటే విండోస్ ఆ తాళాలని కొత్త పాస్‌వర్డ్‌కి మార్చి కడుతుంది, బయటినుంచి బలవంతంగా రీసెట్ చేస్తే పాత తాళాలు ఇక తెరుచుకోవు. ఫైల్ ఉంది, అందులో పాస్ ఉంది, తెరిచే తాళం చెవి లేదు. యాప్‌డేటా ఫోల్డర్‌ని పెన్ డ్రైవ్‌లో కొత్త ల్యాప్‌టాప్‌కి కాపీ చేసుకుని "లాగిన్ రాలేదే" అనేవాళ్ళకీ ఇదే జవాబు. మ్యాక్‌లో అప్‌డేట్ తర్వాత కీచైన్ అనుమతి అడిగే డబ్బా వస్తే చదవకుండా డినై కొట్టేస్తారు చూడండి, వాళ్ళదీ ఇదే కథ.

గడియారం కూడా చూడండి, నవ్వకండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అని. అది అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఎన్నేళ్ళో వెనక్కి పోతుంది. తేదీ వెనక్కి పోతే సర్వర్ సర్టిఫికెట్ "ఇంకా పుట్టలేదు" అని మెషీన్ అనుకుంటుంది, కనెక్షనే కుదరదు. ముందుకి పోతే కుకీల గడువు తీరిపోయిందనుకుని తనే తీసి పారేస్తుంది. నలభై యాభై రూపాయల బిళ్ళతో పోయే జబ్బు.

నిద్రలేవగానే లాగౌట్ అయ్యే యాప్‌లది ఇంకో రకం. ల్యాప్‌టాప్ మూత తెరిచిన క్షణంలో యాప్ లేచి టోకెన్ కొత్తది తెచ్చుకోబోతుంది, వైఫై ఇంకా కలవలేదు, విఫలమవుతుంది. మంచిగా రాసిన యాప్ అయితే ఇది నెట్ లేకపోవడం, కాసేపాగి అడుగుదాం అనుకుంటుంది. సరిగ్గా రాయనిదైతే పాస్ చెల్లదన్నారనుకుని లాగిన్ పేజీ చూపిస్తుంది. అలాంటప్పుడు హడావుడిగా ఓటీపీ కొట్టకుండా యాప్‌ని మూసి, వైఫై కలిశాక తెరవండి, చాలాసార్లు లోపలే ఉంటారు.

ఇప్పుడు అసలు ముడి. ఎలక్ట్రాన్‌లో కుకీ రాగానే డిస్క్ మీద రాయరు. ముందు మెమరీలో పెట్టుకుని, 30 సెకన్లకోసారి గానీ 512 మార్పులు పోగైనప్పుడు గానీ ఒక్కసారిగా రాస్తారు. మామూలుగా మూస్తే మిగిలినవి రాసేసి మరీ మూతపడుతుంది. కానీ ఆ అర నిమిషంలోపు ఎండ్ టాస్క్ కొట్టినా, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి కరెంటు పోయినా, ఆ కొత్త పాస్ గాల్లో కలిసిపోతుంది. అక్కడితో అయిపోతే బాగుండేది. ఇప్పుడు చాలా సర్వర్లు రిఫ్రెష్ టోకెన్‌ని వాడిన ప్రతిసారీ పాతది రద్దు చేసి కొత్తది ఇస్తాయి, భద్రత కోసం. యాప్ తెరిచారు, అది పాత పాస్ ఇచ్చి కొత్తది తీసుకుంది, డిస్క్ మీద రాయకముందే మీరు చంపేశారు. డిస్క్ మీద మిగిలింది పాతది. మళ్ళీ తెరిస్తే ఆ పాతదే చూపిస్తుంది. సర్వర్‌కి ఎలా కనిపిస్తుందంటే, వాడేసిన పాస్‌తో మళ్ళీ ఎవరో వచ్చారు, ఎవడో కాజేసి ఉంటాడు, అని మొత్తం ఆ వరసలో ఇచ్చినవన్నీ రద్దు చేసేస్తుంది. మీరు ర్యామ్ తగ్గిద్దామని చేసిన పని సర్వర్ కళ్ళకి దొంగతనంలా కనిపించింది.

మావాడి మెషీన్‌లో ఇది ఒక్కటే అయితే పొద్దున్నే మొదటిసారి ఎందుకు పోతోంది? ఆ నెట్‌వర్క్ ఫోల్డర్ తెరిపించి, కుకీస్ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడమన్నాను. యాప్ వేసుకుని ఏడాది దాటింది, క్రియేటెడ్ అన్నచోట మాత్రం ఆ రోజు పొద్దున 8:12 అని ఉంది. అంటే రోజూ ఎవరో ఆ ఫైల్‌ని తీసేస్తున్నారు.

"ఏదైనా క్లీనర్ వేశావారా?"

"నేను వెయ్యలేదు. విండోస్ వేయించినప్పుడు షాపతనే వేసిచ్చాడు. ఆన్ చేయగానే ఇంత జంక్ తీసేశా అని మెసేజ్ వస్తుంది. మంచిదేగా?"

అదీ సంగతి. మెషీన్ ఆన్ అవ్వగానే క్లీనర్ కుకీలు, క్యాష్ (మళ్ళీ దింపుకోనక్కర్లేకుండా దాచుకున్న కాపీలు) ఊడ్చేస్తుంది. యాప్ లాగౌట్ అయి లేస్తుంది. లాగిన్ అవ్వగానే, క్యాష్ లేదు కాబట్టి, ఫొటోలతో సహా అన్నీ మళ్ళీ దింపుకుని, వెతుకులాటకి ఇండెక్స్ మళ్ళీ కట్టుకోవడం మొదలుపెడుతుంది, ఫ్యాన్ అరిచేది అందుకే. వీడు ఆ ఫ్యాన్ చప్పుడుకి విసిగి ఎండ్ టాస్క్ కొడతాడు, కొన్నిసార్లు లాగిన్ అయిన పది సెకన్లకే. మళ్ళీ లాగౌట్. ఒక్కో పొద్దున రెండేసి ఓటీపీలు కొట్టిన రోజులున్నాయట.

ఇలాంటప్పుడు అందరూ చెప్పే మొదటి సలహా "అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వెయ్యి". దయచేసి అది చివరికి పెట్టుకోండి. మొదటి కారణం, విండోస్‌లో ఇలాంటి యాప్‌లు చాలావరకు తీసేసినా రోమింగ్‌లో ఉన్న ఫోల్డర్ అక్కడే ఉండిపోతుంది, మ్యాక్‌లో యాప్‌ని ట్రాష్‌లో పడేసినా లైబ్రరీలో అప్లికేషన్ సపోర్ట్ ఫోల్డర్ చెక్కుచెదరదు. పాడైన డేటా ఏదైనా ఉంటే కొత్త యాప్ దాన్నే ఎత్తుకుంటుంది. రెండోది చాలా ముఖ్యం, కొన్ని యాప్‌లు సైన్ అవుట్ చేస్తే మెషీన్‌లో ఉన్న కాపీని తుడిచేస్తాయి, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (కంపెనీ కూడా చదవలేని తాళం) ఉన్నవాటిలో అయితే తుడవడమే సబబు. అప్పటికి సర్వర్‌కి చేరని నోట్స్ ఏమైనా ఉంటే అవి పోయినట్టే. కాబట్టి దేన్నైనా ముట్టుకునే ముందు బ్రౌజర్‌లోనో ఫోన్‌లోనో ఖాతా తెరిచి, నిన్న మొన్న రాసినవి అక్కడ కనిపిస్తున్నాయా చూసుకోండి. కనిపించనివి యాప్‌లో ఉంటే ముందు ఎక్స్‌పోర్ట్ చేయండి, అదీ లేకపోతే కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పడేయండి. అబ్సిడియన్ వాడేవాళ్ళకి ఈ బెంగ లేదు, నోట్స్ మీ ఫోల్డర్‌లో మామూలు ఫైల్స్‌గానే ఉంటాయి, లాగౌట్ అయితే ఆగేది సింక్ మాత్రమే. జోప్లిన్ కూడా అన్నీ మీ మెషీన్‌లోనే డేటాబేస్‌లో దాచుకుంటుంది.

మావాడి విషయంలో మూడు నోట్స్ సర్వర్‌కి చేరలేదు. రోజూ చంపేస్తుంటే ఎక్కే టైమ్ ఎక్కడుంది.

యాప్ ఫోల్డర్‌లో ఊడ్చాల్సివస్తే, యాప్‌ని గడియారం పక్కన ట్రేలో ఉన్న గుర్తు మీద రైట్ క్లిక్ చేసి క్విట్ కొట్టి మూయండి, పైన ఇంటూ గుర్తు నొక్కితే చాలా యాప్‌లు మూతపడవు, దాక్కుంటాయి అంతే. ఆ తర్వాత క్యాష్, కోడ్ క్యాష్, జీపీయూ క్యాష్ అనే ఫోల్డర్లు తీసేయొచ్చు, అవి మళ్ళీ పుడతాయి. ఇండెక్స్‌డ్ డీబీ, లోకల్ స్టోరేజ్, నెట్‌వర్క్ ఈ మూడింటినీ మాత్రం కదపొద్దు. మొదటిదాంట్లో మీ ఎక్కని నోట్స్ ఉండొచ్చు, మూడోదాంట్లో పాస్ ఉంది. మొత్తం కొత్తగా మొదలుపెట్టాలనిపిస్తే ఫోల్డర్‌ని డిలీట్ చేయకుండా పేరు చివర ఓల్డ్ అని మార్చి పెట్టండి, యాప్ కొత్తది కట్టుకుంటుంది, తేడా వస్తే పాతది చేతిలో ఉంటుంది.

మేం చేసింది అంత కూడా కాదు. ముందు ఆ మూడు నోట్స్ బయటికి తీశాం. క్లీనర్ తీసేశాం. లాగిన్ అయ్యాక ఆ ఫ్యాన్ ఎంత అరిచినా ముట్టుకోకుండా టీ తాగి రమ్మన్నాను, నలభై నిమిషాలకి ఇండెక్స్ పూర్తయి సీపీయూ ఒకటీ రెండు శాతానికి దిగింది. మర్నాడు పొద్దున్నే నేనే ఫోన్ చేసి అడిగాను, లాగౌట్ కాలేదు. ర్యామ్ మాత్రం ఇంకా 700 ఎంబీ దగ్గరే ఉంది, "ఎకానమీ మొత్తం" తెరిస్తే తొమ్మిది వందలు దాటుతోంది. ఆ ఫొటోలు చిన్నవి చేసి, చాప్టర్ల వారీగా నాలుగైదు నోట్స్‌గా విడగొట్టరా అన్నాను.

"పరీక్షయ్యాక చూద్దాంలే అన్నయ్యా" అన్నాడు.